వేళకు చేరాల్సిన మాట

ఇంటర్నెట్ మీద నడిచే ఒక ఫోన్ కాల్‌కి సెకనుకు దాదాపు 87 వేల బిట్లు సరిపోతాయి. ఇవాళ ఓ మోస్తరు ఇంటికి వచ్చే ఫైబర్ కనెక్షన్ సెకనుకు 10 కోట్ల బిట్లు మోస్తుంది. లెక్క వేస్తే ఒకేసారి వెయ్యి కాల్స్ పట్టాలి. కానీ పక్కగదిలో పిల్లాడు పెళ్ళి వీడియో డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాడంటే ఒక్క కాల్ కూడా సవ్యంగా సాగదు. "హలో... ఆఁ... కట్టవుతోంది, మళ్ళీ చెప్పండి" మొదలవుతుంది. వెంటనే మనవాళ్ళు చేసే పని, 100 ఎంబీపీఎస్ ప్లాను తీసేసి 200 ది వేయించుకోవడం. నెల తిరక్కుండానే మళ్ళీ అదే తంతు.

వేగం పెంచినా తగ్గని ఈ జబ్బు మూలం తెలియాలంటే మాట తీగలోకి ఎలా దిగుతుందో ముందు చూడాలి.

మనం మాట్లాడినప్పుడు గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గుల్ని మైకు ఓల్టేజీగా మారుస్తుంది. ఆ ఓల్టేజీని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 8 బిట్ల అంకెగా రాసుకుంటే సెకను మాట 64,000 బిట్లవుతుంది. ఈ 8,000 ఎక్కడిదంటే, టెలిఫోను వాళ్ళు గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉండే భాగాన్నే పంపేవాళ్ళు. ఏ కంపనాన్నయినా దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే ఆ కొలతల నుంచి దాన్ని మళ్ళీ పూర్తిగా నిలబెట్టుకోవచ్చు. 3,400కి రెట్టింపు 6,800. కొంచెం వెసులుబాటు కలుపుకుని 8,000 చేశారు. గొంతును ఇలా అంకెల్లోకి మార్చవచ్చని 1937లో ఊహించినవాడు అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. అప్పటి వాల్వులతో అది గిట్టుబాటయ్యే పని కాదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక, 1962లో అమెరికాలో బెల్ కంపెనీ దాన్ని టెలిఫోను లైన్ల మీద వాడుకలోకి తెచ్చింది. 1972లో అది జీ.711 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇప్పటికీ ఎన్నో ఆఫీసు ఫోన్లు నడిచేది దానితోనే.

3,400 దగ్గర కత్తిరించినందుకు చెల్లించే మూల్యం ఒకటుంది. 'స', 'ఫ' వంటి ఊపిరి శబ్దాలను విడదీసి చూపే శక్తి చాలావరకు ఆ గీతకు పైనే ఉంటుంది. అందుకే ఫోన్లో పాన్ నంబరు చెప్పేవాళ్ళు "ఎఫ్ ఫర్ ఫ్యాన్, ఎస్ ఫర్ సీత" అని వివరించాల్సి వస్తుంది. ఇంటర్నెట్ కాల్‌కి ఈ కత్తిరింపు తప్పనిసరి కాదు. రెండు వైపులా కుదిరితే 7,000 హెర్ట్జ్ దాకా, అంతకు పైకి కూడా పంపవచ్చు. ఒకే ఆఫీసులోని రెండు ఐపీ ఫోన్ల మధ్య మాట ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా వినపడి, అదే ఫోను నుంచి బయటి ల్యాండ్‌లైన్‌కి చేస్తే పాతవాసన కొట్టడానికి కారణం ఇదే.

పాత టెలిఫోను ఎక్స్ఛేంజి పద్ధతి వేరు. మీరు నంబరు తిప్పగానే మీ దగ్గర నుంచి అవతలివాళ్ళ దాకా ఒక దారిని మీ పేరున కేటాయించేది. మీరు మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి మీదే. ఆఫీసులకు ఇచ్చే పీఆర్ఐ లైనులో 30 మాటల దారులుంటాయి. 31వ వాడికి ఎంగేజ్ టోను తప్ప మరొకటి లేదు. ఇది కఠినమైన పద్ధతే, దండగ కూడా ఎక్కువే. కానీ దారి దొరికినవాడి మాట సెకనులో ఎనిమిది వేలో వంతు కూడా అటూ ఇటూ కాకుండా చేరుతుంది. ఆ హామీ ఎంత విలువైనదో అది పోయాక గానీ తెలియలేదు.

ఇంటర్నెట్‌లో ఎవరి పేరునా దారి ఉండదు. ఫోను 20 మిల్లీసెకన్ల మాటను పోగు చేస్తుంది. జీ.711లో అది 160 బైట్లు. దాని మీద ఎక్కడికి వెళ్ళాలి, ఎన్నో ముక్క, ఏ క్షణానిది అన్న వివరాలు మరో 40 బైట్లు రాసి వదులుతుంది. ఇలాంటి ప్యాకెట్లు సెకనుకు 50. సరుకు 64 వేల బిట్లయితే, చిరునామాతో కలిపి 80 వేలు. ఈథర్‌నెట్ తీగ తన వంతు వివరాలు కూడా చేర్చాక మొదట్లో చెప్పిన 87 వేలు. సరుకులో మూడో వంతుకు పైగా ప్యాకింగ్ ఖర్చే! ముక్కల్ని ఇంకా పెద్దవి చేస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. కానీ 100 మిల్లీసెకన్ల ముక్క చేయాలంటే అంతసేపూ మాటను ఫోనులోనే అట్టే పెట్టాలి. ఇంటర్నెట్ ఫోనులో ప్రతి బేరమూ చివరికి ఇక్కడికే వస్తుంది: బిట్లు ఆదా చేద్దామంటే సమయం పోతుంది.

ఈ సంగతి మొదట అనుభవంలోకి వచ్చింది 1974లో. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మీద మాట పంపి చూద్దామని డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త, ఇంకొన్ని బృందాలు పూనుకున్నారు. ఆర్పానెట్ లింకులు సెకనుకు 50 వేల బిట్లవి. 64 వేల గొంతు వాటిలో పట్టనే పట్టదు. ఆ ఆగస్టులో కాలిఫోర్నియాలోని సమాచార శాస్త్రాల సంస్థ నుంచి మసాచుసెట్స్‌లోని లింకన్ ల్యాబొరేటరీకి కుదించిన మాట వెళ్ళింది. డిసెంబరుకల్లా సెకనుకు మూడున్నర వేల బిట్లతో సంభాషణ నడిపించారు.

కుదించడం సగం పనే. రెండో సగం ఆర్పానెట్ స్వభావంతో పోరాటం. ఆ నెట్‌వర్క్ కంప్యూటర్ ఫైళ్ళ కోసం పుట్టింది. ఒక ముక్క పోతే ఆగి, మళ్ళీ తెప్పించి, వరస సరిచేసి గానీ తర్వాతిది ఇవ్వదు. ఫైలుకి అదే న్యాయం. మధ్యలో ఒక్క బైటు పోయినా జీతాల పట్టీ తప్పుతుంది. మాటకి మాత్రం ఆ న్యాయం పనికిరాదు. పోయిన 20 మిల్లీసెకన్ల ముక్కను వెనక్కి తెప్పించేసరికి దాని వేళ దాటిపోతుంది. దాని కోసం వెనక వచ్చిన ముక్కలన్నిటినీ నిలబెట్టడం మరీ అన్యాయం. పోతే పోనివ్వండి, ఆపకండి అన్నది కోహెన్ వాదన. 1978లో టీసీపీ అనే ఒకే పెద్ద నియమావళిని రెండుగా చీల్చడం వెనక ఈ వాదనకు గట్టి పాత్ర ఉంది. హామీలన్నీ టీసీపీలో ఉండిపోయాయి, చేరవేసే పని ఐపీకి వచ్చింది. ఏ హామీ లేకుండా నేరుగా ఐపీ మీద పంపేవాళ్ళ కోసం 1980లో యూడీపీ వచ్చింది. దాన్ని నిర్వచించే పత్రం మూడు పేజీలే. ఈ రోజు మీ అమెరికా కోడలు వాట్సాప్‌లో చేసే కాల్ మామూలుగా నడిచేది ఆ మూడు పేజీల మీదే.

పోయిన ముక్క స్థానంలో చెవి ఏం వింటుంది? అబద్ధం వింటుంది. అవతలి ఫోను అంతకుముందు వచ్చిన ధ్వనిలో చివరి ఆవృత్తిని పట్టుకుని, క్రమంగా శబ్దం తగ్గిస్తూ మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. అచ్చుల్లో ఒకే రకం అల పదేపదే వస్తుంది కాబట్టి 20 మిల్లీసెకన్ల అబద్ధాన్ని మనం పట్టుకోలేం. వరసగా మూడు ముక్కలు పోతే మాత్రం గొంతు మరబొమ్మలా మారుతుంది. ఆ తర్వాత ఫోను అబద్ధం మానేసి నిశ్శబ్దం వినిపిస్తుంది. "రోబోలా వినపడుతున్నావు" అని మనం అనేది ఆ రెండిటి మధ్య ఉన్న కాసేపటి గురించే.

ఇక ఆలస్యం సంగతి. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫార్సు. హైదరాబాదు నుంచి డాలస్‌కి భూగోళం మీద దగ్గరి దారే సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుతీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంటే 70 మిల్లీసెకన్లు కాంతి వేగానికే చెల్లు. సముద్రం అడుగు కేబుళ్ళు దగ్గరి దారిన పోవు కనుక నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. దానికి ముక్క పోగు చేసుకునే 20 కలపండి. ముక్కలన్నీ ఒకే వేళకు రావు కనుక వాటిని సర్దడానికి అవతలి ఫోను పెట్టుకునే నిల్వకి ఇంకో 40, 60 కలపండి. 150 దాటిపోయింది. అమ్మా కొడుకూ ఒకేసారి "చెప్పు" అని, ఒకేసారి ఆగి, మళ్ళీ ఒకేసారి "నువ్వే చెప్పు" అనడం అందుకే. దీనికి ప్లాను మార్చి ప్రయోజనం లేదు. 2009లో వోనేజ్ కంపెనీ నెలకు 25 డాలర్లకు ఒక్క సెంటు తక్కువగా, ఇండియాతో కలిపి 60కి పైగా దేశాలకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని పథకం పెట్టింది. దాంతో అమెరికాలోని తెలుగిళ్ళలో రూటర్ పక్కన దాని పెట్టె కూడా చేరింది. గీకుడు కార్డుల మీద నిమిషాలు లెక్కపెట్టుకునే బాధ పోయింది. ఆ ఒకేసారి మాట్లాడే తిప్పలు మాత్రం పోలేదు.

దూరం వల్ల వచ్చే ఆలస్యం స్థిరంగా ఉంటుంది, దానికి అలవాటు పడతాం. అసలు గొడవ క్షణక్షణం మారే ఆలస్యంతోనే. దానికి మందు చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటరు ఉందనుకుందాం. ఉదయం ఏడున్నర నుంచి కౌంటరు ఫోను మోగుతూనే ఉంటుంది. "షుగర్ టెస్టుకి పరగడుపున రావాలా?" "నిన్నటి రిపోర్టు వచ్చిందా?" లోపల స్కానింగ్ గదిలో టెక్నీషియన్ ఒక సీటీ స్కాన్ ఫైలును హైదరాబాదులోని రేడియాలజిస్టుకి పంపుతాడు. ఫైలు 300 మెగాబైట్లు, లైను అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్. పూర్తవడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ కౌంటరులోని అమ్మాయికి అవతలివాళ్ళ మాట గంటలా వినిపిస్తుంది. అవతలివాళ్ళకి ఆమె మాట తునకలు తునకలుగా వినిపిస్తుంది. "మీవి బాగానే వినపడుతున్నాయండీ, మీ ఫోన్లోనే ఏదో ఉంది" అంటుందామె. తప్పు ఆమె వైపుదే. డౌన్‌లోడ్ దారి ఖాళీగా ఉంది, అప్‌లోడ్ దారి నిండిపోయింది. ఫోను చెడిపోతే రెండు వైపులా చెడుతుంది గానీ ఇలా ఒక వైపే చెడదని చాలామంది అనుకుంటారు. ఇంటర్నెట్ ఫోనులో రెండు మాటలూ రెండు వేర్వేరు దారుల ప్రయాణాలు.

ఆ అప్‌లోడ్ దారిలో ఏం జరుగుతోందంటే, టీసీపీ ఫైలును పంపేటప్పుడు ముక్క పోయేదాకా వేగం పెంచుతూ పోతుంది. పోయిందంటే దారి నిండిందని గుర్తు, అప్పుడు తగ్గుతుంది. చౌక రూటర్లు తయారుచేసేవాళ్ళు ముక్కలు పోకూడదన్న సదుద్దేశంతో పెద్ద నిల్వ పెట్టారు. ఒక మెగాబైటు నిల్వ అనుకుందాం, అంటే 80 లక్షల బిట్లు. 10 ఎంబీపీఎస్ దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. ముక్కలు పోవు కాబట్టి టీసీపీ తగ్గదు, నిల్వ నిండే ఉంటుంది. 200 బైట్ల మాట ముక్క వచ్చి ఈ వరస చివర నిలబడుతుంది. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గర లారీల వెనక చిక్కుకున్న స్కూటరు గతే దానిది. హైవే ఎన్ని వరసలదైతే ఏం లాభం? 800 మిల్లీసెకన్ల తర్వాత అది బయటపడినా అవతలి ఫోను దాని వేళ దాటిందని పారేస్తుంది.

2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఇంట్లో ఫైళ్ళు పంపుతుంటే ఆలస్యం ఒక సెకనుకు పైగా ఎగబాకడం గమనించి, తవ్వి, దీని గుట్టు బయటపెట్టాడు. దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. 2012లో క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ఒక విరుగుడు ప్రకటించారు. వరస ఎంత పొడుగుందని చూడకుండా, ప్రతి ముక్కా వరసలో ఎంతసేపు నిలబడిందో చూసి, అతిగా నిలబడుతుంటే కావాలనే కొన్నిటిని పారేయడం దాని కిటుకు. టీసీపీకి సూచన అందుతుంది, వరస కరుగుతుంది. మంచి రూటర్లలో ఇది 'స్మార్ట్ క్యూ' వంటి పేరుతో ఉంటుంది. లేకపోతే ఒక నాటు వైద్యం ఉంది: రూటర్‌లో అప్‌లోడ్ పరిమితిని లైను సామర్థ్యానికి పది శాతం తక్కువ పెట్టి, ఫోనుకి మొదటి ప్రాధాన్యం ఇవ్వడం. ఇంటర్నెట్ కంపెనీ పెట్టెలో పేరుకునే వరస అప్పుడు మన రూటర్‌లోనే ఏర్పడుతుంది. మన రూటర్‌లో ఎవరు ముందో నిర్ణయించేది మనమే. పది శాతం వేగం వదులుకోవడానికి మనసొప్పక చాలామంది ఈ పని చేయరు గానీ, నా ఉద్దేశంలో ప్లాను రెట్టింపు చేయడం కంటే దీని వల్లే ఎక్కువ మేలు.

చిన్న వ్యాపారాలకు ఇంటర్నెట్ ఫోను అందుబాటులోకి రావడంలో ఒక కుర్రాడి పేదరికం పనిచేసింది. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి లినక్స్ సహాయం అమ్మే చిన్న కంపెనీ పెట్టాడు. ఆఫీసులో ఎక్స్‌టెన్షన్లు కలిపే ఎక్స్ఛేంజి పెట్టె కొనడానికి డబ్బు లేక, ఆ పనిచేసే సాఫ్ట్‌వేరు తానే రాసుకుని ఆస్టరిస్క్ పేరుతో ఉచితంగా వదిలాడు. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనే కంఠం, కాల్‌ను డాక్టరు గదికి మళ్ళించడం, రాత్రిపూట యజమాని సెల్లులోనే ఎక్స్‌టెన్షన్ మోగడం, ఇవన్నీ ఒక పాత కంప్యూటరు మీద నడిచే రోజులొచ్చాయి.

కాల్‌ను కలిపే బాధ్యత ఇప్పుడు ఎక్కువగా సిప్ అనే నియమావళిది. 1999లో వచ్చి 2002లో ప్రస్తుత రూపం దాల్చింది. సిప్ పని పిలవడం, మోగించడం, పెట్టేయడం వరకే. మాట ఆర్‌టీపీ అనే మరో నియమావళి ప్రకారం వేరే ద్వారంలో పోతుంది. ఇది తెలిస్తే ఇంకో సాధారణ ఫిర్యాదు విడిపోతుంది: "రింగవుతుందండీ, ఎత్తితే మాట రాదు." ఇంటి రూటర్ లోపలి పరికరాలన్నిటినీ ఒకే బయటి చిరునామా వెనక దాస్తుంది. ఫోను తన లోపలి చిరునామా ఇచ్చి "నా మాట ఇక్కడికి పంపు" అంటుంది. బయటివాడికి ఆ చిరునామా ఎక్కడుందో తెలియదు. పిలుపు చేరింది, మాట దారి తప్పింది. ఫోను బయటి సర్వరును అడిగి తన అసలు చిరునామా తెలుసుకునే పద్ధతులు దీనికోసమే వచ్చాయి. కొన్ని రూటర్లు సాయం చేస్తామని సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయంతో మధ్యలో దూరి చిరునామాలు దిద్దుతాయి, తరచు తప్పుగా. సర్వీసుకొచ్చిన కుర్రాడు ముందుగా దాన్నే ఆపేస్తాడు. అతను మార్చాల్సింది ఇంకోటి ఉంది, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్. బయట నుంచి సిప్ ద్వారాలను రాత్రింబగళ్ళు తట్టి చూసే దొంగ ప్రోగ్రాములకు అది దొరికితే, తెల్లారేసరికి మీ లెక్కలో విదేశీ కాల్స్ బిల్లు తయారు.

మనదేశంలో ఇంటర్నెట్ ఫోను చట్టం చాటున పెరిగిన సాంకేతికత. 2002 ఏప్రిల్ 1 దాకా ఇంటర్నెట్ మీద మాట్లాడటానికి అనుమతే లేదు. ఆ రోజు నుంచి కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి, లేదా విదేశాల్లోని ఫోన్లకి మాట్లాడనిచ్చారు. దేశంలోని ఫోన్లకి మాత్రం వద్దన్నారు. లైసెన్సున్న టెలికాం కంపెనీలు నంబరు ఇచ్చి, ఏ ఇంటర్నెట్ మీదనైనా మామూలు ఫోన్లతో కలపవచ్చని తేలేసరికి 2018 వచ్చింది. ఆ జులైలోనే బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' పేరుతో అలాంటి సేవ మొదలుపెట్టింది. దొడ్డిదారిన నడిచినవాళ్ళూ ఉన్నారు. విదేశీ కాల్స్‌ను ఇంటర్నెట్ మీద దించుకుని, డజన్లకొద్దీ సిమ్ములు గుచ్చిన పెట్టెలతో లోకల్ కాల్స్‌గా మార్చే దొంగ ఎక్స్ఛేంజిలను హైదరాబాదులోనూ పోలీసులు పట్టుకున్నారు. నంబరు ఇప్పుడు తీగకి కట్టిన వస్తువు కాదు, ప్యాకెట్‌లో రాసే ఒక అంకెల వరుస. అందుకే ఎక్కడో కూర్చుని +91 నంబరు చూపించి బెదిరించడం తేలికైంది. 2024 అక్టోబరులో టెలికాం శాఖ ఇలాంటి విదేశీ కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థ ప్రారంభిస్తే మొదటి 24 గంటల్లోనే పట్టుబడిన కాల్స్ సుమారు 1.35 కోట్లు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ మొదలుపెట్టి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను ఒకే తీగ మీద ఇస్తామంది. ఇప్పుడు ఏ కంపెనీ ఫైబర్ పెట్టెకైనా వెనక ఒక ఫోను సాకెట్టు సాధారణమే. ఇంట్లో ఉన్న పాత ఫోను దానికి గుచ్చితే డయల్ టోను వస్తుంది, పెద్దవాళ్ళకి తేడా తెలియదు. కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగలోనే వచ్చేవి. ఊరంతా చీకటైనా అంబులెన్సుని పిలవగలిగేవాళ్ళం. గాజుతీగలో కరెంటు రాదు. ఫైబర్ పెట్టె ఆరిందంటే ఫోనూ మూగపోయినట్టే.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో కూడా ఈ పెట్టెను టీవీ దగ్గరున్న మామూలు ప్లగ్గుకి తగిలించి మరిచిపోతుంటారు. దాన్ని ఇన్వర్టర్ లైనుకి మార్చాలి. ఇన్వర్టర్ లేనివాళ్ళకి రూటర్ల కోసమే చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. దారి మధ్యలో తీగను ఇళ్ళకి పంచే పెట్టెలకు కరెంటు అవసరం లేదు, వాటిలో గాజు తప్ప మరేమీ ఉండదు. కరెంటు కావలసింది రెండు చివరల్లోనే, మీ ఇంట్లో ఒకటి, ఆపరేటరు గదిలో ఒకటి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ఎన్ని ఎంబీపీఎస్ అని అడిగాక, మీ గదిలో బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందని కూడా అడగండి.